ఇద్దరు కిందిస్థాయి ఉద్యోగుల స్నేహం: ‘గుడ్ ఓమెన్స్’ నవల, దాని అభిమానులు

1990లో ఇంగ్లండులోని గొలాన్స్ ప్రచురణ సంస్థ ఒక హాస్య నవలను వెలువరించింది. పేరు ‘గుడ్ ఓమెన్స్’. తెలుగులో చెప్పుకోవాలంటే ‘శుభశకునాలు’. రచయితలు ఇద్దరు. టెర్రీ ప్రాచెట్ (1948–2015) అప్పటికే ‘డిస్క్‌వరల్డ్’ నవలల ద్వారా బ్రిటిష్ పాఠకులకు సుపరిచితుడు. నీల్ గేమన్ (జననం 1960) చిత్రకథల రచనలో అప్పుడప్పుడే పేరు తెచ్చుకుంటున్న యువకుడు. లోకాంతం సమీపించడమూ, దాన్ని తప్పించడానికి ఒక దేవదూతా ఒక నరకదూతా రహస్యంగా చేతులు కలపడమూ ఇందులోని ఇతివృత్తం. ఆ తరహా వినోద రచనలు సామాన్యంగా ఒక తరం గడిచేసరికి పాత పుస్తకాల దుకాణాలకు చేరుకుంటాయి. ఈ నవలకు ఆ గతి పట్టలేదు. మూడు దశాబ్దాలు దాటిన తరువాత కూడా దీని పేర కథలు రాసేవారూ, బొమ్మలు గీసేవారూ, తెల్లరెక్కలూ నల్లరెక్కలూ కట్టుకుని సభలకు వచ్చేవారూ అనేక దేశాలలో ఉన్నారు. ఈ అభిమానానికి కారణమేమిటి, అది నవలకు చేసిన మేలెంత, కీడెంత అన్నది పరిశీలించదగిన విషయం.

ముందుగా ఒక మాట చిక్కును విప్పుకోవాలి. ‘దేవదూత’ అన్న పదం తెలుగు బైబిలు పుణ్యాన మనకు అలవాటయింది. అందులోనే రెండవ పక్షానికి వాడిన ‘దయ్యము’ అన్న పదం మాత్రం తెలుగువాడికి చింతచెట్టునూ శ్మశానాన్నీ గుర్తుచేస్తుంది. ‘రాక్షసుడు’ అందామా అంటే, మన పురాణాలలో దేవదానవులు కశ్యపుడి బిడ్డలే, దాయాదులే. బలి, ప్రహ్లాదుల వంటివారు దానవకులంలో పుట్టి పూజలందుకున్నారు. వైకుంఠ ద్వారపాలకులైన జయవిజయులు శాపవశాన అసురులుగా పుట్టినా వారికి తిరుగుదారి ఉంది, మూడు జన్మలని గడువు కూడా ఉంది. క్రైస్తవ సంప్రదాయంలోని పతనానికి గడువు లేదు. తిరుగుబాటు చేసి స్వర్గం నుంచి త్రోసివేయబడిన దూతే నరకదూత. ఆ పతనం శాశ్వతం. 1667లో మిల్టన్ తన మహాకావ్యంలో పాశ్చాత్యుల మనసులో బలంగా ముద్రించిన చిత్రం ఇదే. అటువంటి రెండు పక్షాల ప్రతినిధులు ఆరువేల ఏళ్లుగా భోజనానికి కలుసుకుంటున్నారనడంలోని సాహసం, ఈ తేడా తెలియని పాఠకుడికి అందదు.

ఆ ఇద్దరిలో దేవదూత పేరు అజిరాఫేల్. ఏదెను తోట తూర్పు ద్వారానికి అగ్నిఖడ్గంతో కాపలా ఉండవలసినవాడు. తోట నుంచి వెళ్లగొట్టబడిన దంపతులకు చలి వేస్తుందేమోనన్న జాలితో ఆ ఖడ్గాన్ని వారికిచ్చివేసి, పైవారికి ఆ సంగతి చెప్పకుండా దాటవేసినవాడు. నరకదూత పేరు క్రౌలీ. అవ్వకు పండు చూపిన సర్పం ఇతడే. తోట గోడ దగ్గరనే వీరి తొలి సంభాషణ. తాను చేసినది మంచిపనేమోనని నరకదూతకూ, తాను చేసినది చెడ్డపనేమోనని దేవదూతకూ అక్కడే ఒక అనుమానం తగులుతుంది. నవల హాస్యమంతా ఆ అనుమానం మీదనే నిలిచి ఉంది.

ఇక్కడ ప్రభుత్వోద్యోగి అయిన పాఠకుడికి మాత్రమే పూర్తిగా రుచించే అంశం ఒకటుంది. అజిరాఫేల్, క్రౌలీ ఇద్దరూ క్షేత్రస్థాయి సిబ్బంది. స్వర్గనరకాలు రెండూ ప్రధాన కార్యాలయాలు. అక్కడివారు భూమిని కాగితం మీద తప్ప ఎరుగరు. వీరు పంపే నివేదికలే వారికి ఆధారం. స్పెయిన్‌లో మతవిచారణల పేర జరిగిన ఘోరాలకుగాను క్రౌలీకి నరకం నుంచి ప్రశంస వస్తుంది. వాస్తవానికి వాటిలో అతడి ప్రమేయమే లేదు. అసలేం జరిగిందో చూడబోయి, మనుషులు మనుషులకు చేయగలిగినదాన్ని చూచి తట్టుకోలేక, వారంపాటు తాగి పడివుంటాడు. ఒకే ఊరిలో ఒకరు ఆశీర్వదించడానికీ మరొకరు ప్రలోభపెట్టడానికీ వెళ్లవలసి వస్తే, ఇద్దరి ప్రయాణమూ దండగ అనుకుని ఒక్కరే వెళ్లి రెండు పనులూ చక్కబెట్టుకునే ఒప్పందం కూడా వారిమధ్య ఉంది. పైవారికి నివేదికలు మాత్రం యథావిధిగా అందుతూనే ఉంటాయి. అధికారులను ఒకే చోట ఎక్కువకాలం ఉంచితే స్థానికులతో కలిసిపోతారన్న భయం ప్రతి సామ్రాజ్యానికీ ఉండేది. ఈ ఇద్దరినీ ఆరువేల సంవత్సరాలు బదిలీ లేకుండా ఉంచారు. ఫలితం ఊహించదగినదే. తమను పంపిన కార్యాలయాలకంటె తాము నియమితులైన చోటే వారికి సొంతమయింది.

పైలోకాన్ని కచేరీగా చిత్రించడం తెలుగువారికి కొత్తకాదు. ‘యమగోల’ (1977)లో కథానాయకుడు యమభటులచేత సమ్మె చేయించినప్పుడు జనం విరగబడి నవ్వారు. తేడా ఏమంటే, అక్కడ మానవుడు పైకి వెళ్లి ఆ కార్యాలయాన్ని తారుమారు చేస్తాడు. ఇక్కడ కార్యాలయం మనుషులే కిందికి వచ్చి మానవులవుతారు.

కథలోని ప్రధాన సంఘటన కూడా ఒక కార్యాలయపు పొరపాటే. లోకాంతానికి కారకుడు కావలసిన పసికందును ప్రసూతి నిలయంలో మార్చేటప్పుడు తొట్టెలు తారుమారవుతాయి. ఒక దౌత్యోద్యోగి ఇంట్లో పెరుగుతున్న బిడ్డే వాడనుకుని దేవదూతా నరకదూతా వాడి పెంపకాన్ని పదకొండేళ్లు కనిపెట్టుకుని ఉంటారు. అసలు పిల్లవాడు ఆక్స్‌ఫర్డ్‌షైర్ పల్లెలో, మామూలు తల్లిదండ్రుల దగ్గర, స్నేహితులతో ఆడుకుంటూ మామూలు పిల్లవాడిగా ఎదుగుతాడు. తీరా ముహూర్తం వచ్చినప్పుడు వాడు లోకాన్ని నాశనం చేయడానికి నిరాకరిస్తాడు. స్వర్గనరకాల ఉన్నతాధికారులు దిగివచ్చి, మహాప్రణాళికలో ఇలా రాసి ఉన్నదని గద్దిస్తే, రాసి ఉన్న ప్రణాళికా దైవం మనసులోని అగోచరమైన ప్రణాళికా ఒకటేనా అని అజిరాఫేల్ వినయంగా అడుగుతాడు. ఆ ప్రశ్నకు పైవారిలో ఒక్కరి వద్దా జవాబు ఉండదు. నిబంధనలోని ఒక అస్పష్టత వలన ప్రళయం వాయిదాపడిన సందర్భం మరే సాహిత్యంలోనూ కనబడదేమో.

అయితే నవలను శ్రద్ధగా చదివినవారు అంగీకరించవలసిన సంగతి ఒకటున్నది. ఈ ఇద్దరూ అందులో ఏకైక నాయకులు కారు. పిల్లవాడూ అతడి మిత్రబృందమూ, పదిహేడవ శతాబ్దపు మంత్రగత్తె ఆగ్నెస్ నటర్ రాసిపెట్టిన తప్పిపోని జోస్యాలూ, ఆమె వారసురాలూ, మంత్రగత్తెలను వేటాడే ముసలి సైనికుడూ, మోటారు సైకిళ్ల మీద వచ్చే ప్రళయకాలపు నలుగురు రౌతులూ—ఇన్ని పాయలు కథలో ఉన్నాయి. ఆలోచన మొలకెత్తినది కూడా పిల్లవాడి దగ్గరే. రిచ్‌మల్ క్రాంప్టన్ సృష్టించిన అల్లరి విలియం వంటి కుర్రవాడికి ప్రళయాన్ని అప్పగిస్తే ఎలా ఉంటుందన్న ఊహతో గేమన్ మొదటి పుటలు రాశాడు. కథ నడుమనున్న పీటమీద రచయితలు పిల్లవాడిని కూర్చోబెడితే, పాఠకులు అతడిని మెల్లగా పక్కకు జరిపి ఆ స్థానంలో దేవదూతనూ నరకదూతనూ కూర్చోబెట్టారు. బుల్లితెర రూపం రాకముందే, అభిమానులు తమలో తాము రాసుకుని పంచుకున్న కథలలో ఈ మార్పు జరిగిపోయింది.

2019 మే 31న అమెజాన్ సంస్థ ఆరు భాగాలుగా విడుదల చేసిన దృశ్యరూపం ఆ మార్పుకు ఆమోదముద్ర వేసింది. ప్రాచెట్ మరణానంతరం, ఆయన కోరిక మేరకు గేమనే దానికి రచన చేశాడు. అజిరాఫేల్‌గా మైకేల్ షీన్, క్రౌలీగా డేవిడ్ టెనెంట్ నటించారు. మూడవ భాగం ఆరంభంలో దాదాపు అరగంటపాటు, పేర్లు పడకముందే, నవలలో లేని ఒక చరిత్రయాత్ర ఉంది. నోవహు ఓడ, క్రీస్తు శిలువ, రోము, 1601లో షేక్స్పియర్ నాటకశాల, విప్లవకాలపు పారిస్ చెరసాల, 1862లో లండన్ ఉద్యానవనం, 1941లో బాంబుదాడుల నడుమ ఒక చర్చి—ఈ మజిలీలన్నిటిలో ఇద్దరూ కలుసుకుంటారు. చరిత్ర చదివినవారికి ఇందులో అభ్యంతరాలు కనిపించవచ్చు. ప్రపంచ చరిత్ర అంటే బైబిలు తరువాత రోము, రోము తరువాత లండన్, పారిస్ అన్న పాత పాఠ్యపుస్తకపు వరుసే ఇక్కడా ఉంది. ఆరువేల ఏళ్లలో ఈ ఉద్యోగుల పర్యటన పట్టికలో గంగాతీరమో కావేరీతీరమో ఒక్కసారీ రాకపోవడం విడ్డూరమే. అయినా ఆ అరగంటకున్న బలం కాదనలేనిది. చర్చి కూలిపోయినా దేవదూత ప్రాణంగా చూసుకునే పుస్తకాల సంచీని నరకదూత కాపాడి అందించినప్పుడు, అజిరాఫేల్ ముఖంలో కలిగే మార్పు కొన్ని క్షణాలకు మించదు. మాట ఒక్కటీ ఉండదు. అభిమానులు ఆ కొన్ని క్షణాల మీద రాసినదంతా పోగుచేస్తే గ్రంథాలయమే అవుతుంది.

తొమ్మిదవ శతాబ్దపు కాశ్మీరంలో ఆనందవర్ధనుడు చెప్పిన ధ్వని సిద్ధాంతం అభిమాన రచనల పరిశీలనకు ఇంతగా ఉపకరిస్తుందని ఎవరూ అనుకోరు. వాచ్యంగా చెప్పినదానికంటె చెప్పక స్ఫురింపజేసినదే కావ్యానికి ఆత్మ అన్నది ఆయన మాట. అజిరాఫేల్, క్రౌలీల మధ్య ఉన్నది స్నేహమా, ప్రేమా, కేవలం దీర్ఘకాల సహవాసమా అన్నది నవల తేల్చలేదు. దూతలకు సహజంగా లింగభేదం లేదని మాత్రం చెప్పి ఊరుకున్నది. ఈ మౌనంలోకి పాఠకులు ప్రవేశించారు. తమ ఇష్టాన్ని పైకి చెప్పుకోలేని పరిస్థితులలో పెరిగినవారు, తాము పుట్టిన మతానికీ తమ మనసుకూ పొసగనివారు, ఏదో ఒక వ్యవస్థ తమను పనికిరానివారిగా లెక్కగట్టిందని బాధపడినవారు అనేకులు ఆ మౌనంలో తమ ముఖం చూసుకున్నారు. పై ఇద్దరు యజమానులూ కాదన్న బంధాన్ని, ఎవరికీ హాని చేయకుండా, నిబంధనల సందుల్లో కాపాడుకుంటూ వచ్చిన రెండు జీవులు వారికి ఆప్తులు కావడంలో ఆశ్చర్యం లేదు. కేవలం కాలక్షేపం కోరేవారి ఉత్సాహంగా దీన్ని కొట్టివేయడం అన్యాయమవుతుంది. మన చలనచిత్ర నటుల అభిమాన సంఘాలతో పోల్చడం కూడా సరికాదు. అక్కడ ఆరాధన వ్యక్తికి. ఇక్కడ అభిమానించేది ఇద్దరి మధ్యనున్న ఒక సంబంధాన్ని.

అలాగని ఈ అభిమాన సాహిత్యమంతా నవల స్థాయిలో ఉన్నదని చెప్పలేము. దానిలో అధికభాగం మెత్తదనం మీద మోజుతో రాసినది. తేనీరు, కంబళి, వాన, పుస్తకాల దుకాణం వెనకగదిలో దీపం—ఈ సామగ్రితో ఎన్ని కథలైనా అల్లవచ్చు, అల్లుతున్నారు. ఈ వెచ్చదనంలో కరిగిపోయినది ప్రాచెట్ కోపం. ఆయన హాస్యం వెనుక, ఆజ్ఞ వచ్చింది కనుక అమలు చేశామనేవారి మీద తీవ్రమైన ఆగ్రహం ఉంది. యుద్ధం గెలవాలన్న తహతహలో ఆ యుద్ధం దేనికోసమో మరచిపోయిన రెండు సైన్యాలను ఆ నవల నగ్నంగా నిలబెట్టింది. అది ప్రచురితమైన ఏడాది, ప్రచ్ఛన్నయుద్ధం ముగుస్తున్న ఏడాది. చాలాకాలంగా ఎదురెదురు శిబిరాలలో ఉండి, తమ తమ ప్రభుత్వాలకంటె ఒకరికొకరు దగ్గరైన గూఢచారుల నీడ ఈ పాత్రల మీద స్పష్టంగా ఉంది. లండన్ ఉద్యానవనంలో బాతులకు రొట్టెముక్కలు వేస్తూ ఇద్దరూ మంతనాలాడటం ఊరికే పెట్టిన దృశ్యం కాదు. ఆ రాజకీయ వ్యంగ్యాన్ని వదిలి స్నేహాన్ని మాత్రమే గ్రహించినవారు సగం నవలనే చదివినట్లు.

అభిమానుల పక్షాన ఒక మాట. నవలను ద్వేషించినవారు ఆ సగం కూడా చదవలేదు. 2019 జూన్‌లో అమెరికాలోని ఒక సంప్రదాయవాద క్రైస్తవ బృందం ఈ ధారావాహిక దైవదూషణ అనీ, దాన్ని రద్దుచేయాలనీ 20 వేలకు పైగా సంతకాలతో ఒక అర్జీ సమర్పించింది. సమర్పించినది నెట్‌ఫ్లిక్స్ సంస్థకు. ధారావాహిక అమెజాన్‌ది. ఇక మీదట దాన్ని తీయబోమని నెట్‌ఫ్లిక్స్ వారు బహిరంగంగా, సంతోషంగా హామీ ఇచ్చారు. తప్పు కార్యాలయానికి వెళ్లిన అర్జీకి ఇంత సత్వర పరిష్కారం లభించడం అరుదు. తొట్టెలు మారిన కథకు ఇంతకంటె తగిన విమర్శకులు దొరకరు.

రెండవ విడత 2023 జులై 28న వచ్చింది. దీనికి ఆధారమైన నవల లేదు. యోబు కథను తీసుకుని, అతడి బిడ్డలను చంపమన్న అనుమతిపత్రాన్ని ఇద్దరూ కలిసి ఎలా వమ్ముచేశారో చెప్పే భాగం అన్నిటిలోకీ మిన్న. మొత్తం మీద మాత్రం కట్టు సడలిన రచన. దాని ముగింపు అభిమానులను కుదిపివేసింది. అజిరాఫేల్‌కు స్వర్గంలో అత్యున్నత పదవి ఇస్తామని పైనుంచి కబురు వస్తుంది. క్రౌలీని కూడా తిరిగి దేవదూతగా తీసుకుంటారట. లోపలికి వెళ్లి వ్యవస్థను బాగుచేయవచ్చునని దేవదూత ఆశ. అది బాగుపడేది కాదని నరకదూత అనుభవం. ఆరువేల ఏళ్లుగా ఏ శిక్షా, ఏ బెదిరింపూ విడదీయలేని ఇద్దరినీ ఒక పదోన్నతి ఉత్తర్వు విడదీసింది. ప్రభుత్వ కార్యాలయాలు ఎరిగినవారికి ఇది పురాణగాథ అనిపించదు. విడిపోయే ముందు క్రౌలీ అతడిని ముద్దుపెట్టుకుంటాడు. ముప్ఫై మూడేళ్ల ధ్వని అక్కడ వాచ్యమయింది. తాము చదివినది భ్రమ కాదని నిరూపణ లభించినందుకు అభిమానులు పొంగిపోయారు, విడిపోయినందుకు ఏడ్చారు. కావ్యదృష్టితో చూస్తే, 1941 నాటి చర్చి శిథిలాలలోని ఆ నిశ్శబ్దమే ఈ ముద్దుకంటె లోతైనది. ఈ అభిప్రాయంతో అభిమానులు ఏకీభవించరు.

తరువాతి పరిణామం ఎవరూ ఊహించనిది. 2024 జులై మొదలు గేమన్ మీద పలువురు స్త్రీలు లైంగిక దౌర్జన్య ఆరోపణలు చేశారు. ఆయన వాటిని ఖండించాడు. మూడవ విడత పనులు ఆ సెప్టెంబరులో నిలిచిపోయాయి. ఆరు భాగాలకు బదులు 90 నిమిషాల ఒకే భాగంతో, ఆయన ప్రమేయం లేకుండా, కథను ముగిస్తారని అక్టోబరులో తెలిసింది. 2023లో నవలకు చిత్రకథారూపం ఇవ్వడానికి అభిమానులు 24 లక్షల పౌండ్లకు పైగా చందాలిచ్చారు. ఆ రాబడిలో గేమన్‌కు వాటా ఉండదని 2025 జనవరిలో ప్రాచెట్ వారసత్వ సంస్థ ప్రకటించింది. అభిమానుల ప్రశ్నలకు ఏళ్ల తరబడి స్వయంగా, ఆప్యాయంగా జవాబులిస్తూ వచ్చిన రచయిత ఆయన. ఆ సాన్నిహిత్యం వలన దెబ్బ మరింత గట్టిగా తగిలింది. కొందరు పుస్తకాలను ఇంట్లోంచి తీసివేశారు. కొందరు ప్రాచెట్ పేరు మాత్రమే చెప్పుకోసాగారు. కథ ఎప్పుడో తమదైపోయిందనీ, రచయితతో పనిలేదనీ మరికొందరు వాదించారు.

ఈ మూడవ వాదాన్ని తెలుగు సాహిత్య చరిత్ర ఎరిగినవారు ఆసక్తితో వింటారు. వాల్మీకి పట్టించుకోని ఊర్మిళ నిద్రను తెలుగు స్త్రీలు పాట కట్టి తరతరాలు పాడుకున్నారు. లక్ష్మణుడి నవ్వుకు కారణాలు వారే కల్పించారు. వ్యాసభారతంలో లేని శశిరేఖా పరిణయం మన నాటకరంగం మీదుగా ‘మాయాబజార్’ (1957) దాకా వచ్చి, మూలకథలోనిదే అన్నంత సహజమయిపోయింది. మూలం వదిలిన ఖాళీలో జనం కాపురం పెట్టడం మనకు పాత ఆచారం. అయితే ఆ పాటలు పాడిన స్త్రీలు ఎవరికీ పైకం చెల్లించలేదు. వాల్మీకికి ప్రచురణ హక్కులు లేవు. ఇక్కడ ప్రతి ప్రతికీ, ప్రతి ప్రదర్శనకూ ఒప్పందపత్రాలున్నాయి. పాత్రలు శ్రమవలన అభిమానులవి, చట్టంవలన మరొకరివి. అంతేకాక వాల్మీకి మనకు పుట్టలోంచి లేచివచ్చిన పేరు. గేమన్ నిన్నటిదాకా ఉత్తరాలకు బదులిచ్చిన మనిషి. కథను తమ సొంతం చేసుకున్నంత మాత్రాన ఆ మనిషిని మరచిపోవడం వారికి సాధ్యపడటం లేదు. ఆరోపించిన స్త్రీల మాటను తేలికచేయకుండా, తమకు బతుకులో ఊరటనిచ్చిన కథను వదలకుండా ఉండటం ఎలాగన్నదే వారిలో ఆలోచనాపరులను వేధిస్తున్న ప్రశ్న. దేవుడి మనసు తెలియక, పైవారి మాట నమ్మలేక, చేతనైన మంచి చేసుకుంటూ పోయే రెండు పాత్రలనే అంతకాలం ప్రేమించినవారికి ఈ ప్రశ్న ఎదురుకావడంలో ఒక క్రూరమైన పొంతన ఉంది.

రెండవ విడత చివరి దృశ్యంలో అజిరాఫేల్ స్వర్గానికి వెళ్లే లిఫ్టులో పైకి పోతుంటాడు. క్రౌలీ తన పాత బెంట్లీ కారులో వీధి వెంట వెళ్లిపోతాడు. ఆ తరువాత ఏం జరిగిందన్నది అధికారికంగా 90 నిమిషాల్లో తేల్చాలని నిర్ణయమైన నాటికే, అభిమానులు ఆ లిఫ్టు తలుపు దగ్గరనుంచి తమవైన కొనసాగింపులు లెక్కకు మించి రాసి ఉన్నారు. చాలా కథలలో అజిరాఫేల్ మళ్లీ కిందికి దిగి వస్తాడు. కొన్నిటిలో దిగి వచ్చేసరికి పుస్తకాల దుకాణానికి తాళం వేసి ఉంటుంది.